శిక్షాస్మృతికి ముసాయిదా రాసిన మెకాలే

మోసగాడిని మన పల్లెల్లో ‘ఫోర్ ట్వంటీ’ అంటారు. భారత శిక్షాస్మృతిలో మోసానికి శిక్ష చెప్పిన 420వ సెక్షన్ నుంచి వచ్చిన పేరది. ఆ స్మృతి తొలి ముసాయిదాకు ముఖ్య రచయిత థామస్ బాబింగ్టన్ మెకాలే.

1800 అక్టోబరు 25న ఇంగ్లండులో జన్మించిన మెకాలే 1826లో బారిస్టరయ్యాడు. కోర్టులో వాదించింది మాత్రం బహు తక్కువ. 1834 జూన్‌లో మద్రాసు రేవులో దిగి, గవర్నర్ జనరల్ కౌన్సిలులో న్యాయ సభ్యుడయ్యాడు. 1835లో ఇంగ్లీషు చదువును సమర్థిస్తూ మన విద్యలను చిన్నచూపు చూశాడన్న విమర్శ నేటికీ ఉంది.

అప్పట్లో బెంగాలు, మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీల్లో వేర్వేరు రెగ్యులేషన్లు ఉండేవి. ఒకే నేరానికి చోటునుబట్టి శిక్ష మారేది. దేశమంతటికీ ఒకే చట్టం కోసం లా కమిషన్ ఏర్పడింది. దానికి మెకాలే అధ్యక్షుడు. తోటి సభ్యులు జబ్బుపడటంతో భారమంతా ఆయనపైనే పడింది. 1837లో ముసాయిదా సిద్ధమైంది.

ఏ పని ఏ నేరమో విడదీసి, ఉదాహరణలతో చెప్పడం ఈ స్మృతి ప్రత్యేకత. ఒకరి వస్తువును అనుమతి లేకుండా దురుద్దేశంతో కదిలిస్తే దొంగతనం. కొట్టి లేదా బెదిరించి లాక్కుంటే దోపిడీ. ఐదుగురు లేక అంతకుమించి కలసి దోపిడీ చేస్తే బందిపోటుతనం. మామూలు దొంగతనానికి మూడేళ్ల వరకు జైలు, బందిపోటుతనానికి యావజ్జీవం వరకు శిక్ష. ధనపు పెట్టె మోస్తున్న ఎద్దును పెట్టె కాజేసేందుకు తోలితే, ఎద్దు కదలగానే దొంగతనం జరిగినట్టే. పెట్టె దొంగ ఇల్లు చేరనక్కరలేదు.

ముసాయిదా ఇరవయ్యేళ్లకు పైగా మూలపడింది. మెకాలే 1859 డిసెంబరు 28న మరణించాడు. బార్న్స్ పీకాక్ సవరించిన మీదట 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమలైంది. తన శ్రమ ఫలితం ఆయన చూడలేదు.

2024 జులై 1న దాని స్థానంలో 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మోసం ఇప్పుడు 318వ సెక్షన్. అంతకుముందు జరిగిన నేరాలకు పాత స్మృతే వర్తిస్తుంది. అంకెలు మారినా, దొంగతనానికీ దోపిడీకీ మధ్య గీసిన గీత చెరగలేదు. కనుక ఫిర్యాదు రాసేవారు ఎందరు వచ్చారు, బెదిరించారా, కొట్టారా అన్నది ఉన్నదున్నట్లు రాయాలి. సెక్షన్ తేలేది ఆ వివరాలను బట్టే.