ఏ వేళకు పిలిచినా కదలాల్సిందే: ఆ కట్టుబాటుపై అంబేద్కర్ పోరాటం

మరాఠీ పల్లెల్లో మహర్లకు పనివేళలంటూ ఉండేవి కావు. వతన్ పేరుతో వాళ్లు సర్కారు చాకిరీకి కట్టుబడి ఉండేవారు. టపా మోయాలన్నా, ఊరికొచ్చిన అధికారి సామాను మోయాలన్నా పగలూ రాత్రీ చూడకుండా కబురొస్తే కదలాలి. పిలిచిన మనిషి ఇంట్లో లేకపోతే కుటుంబంలో ఇంకొకరు వెళ్లాలి. బదులుగా దక్కేది కాస్త ఇనాం భూమి, ఊరివాళ్లు వేసే గింజలు. దొరల గడీలకు వెట్టి చేసిన తెలంగాణ మాల, మాదిగ కుటుంబాలకు ఇది కొత్త కథేమీ కాదు.

బాబాసాహెబ్ కార్మిక పోరాటాన్ని ఇక్కడి నుంచే చదవాలి. 1891లో మౌలో పుట్టిన ఆయనకు తండ్రి సైనికోద్యోగం వల్ల ఈ చాకిరీ తప్పింది. కానీ బొంబాయి పరేల్‌లో మిల్లు కార్మికుల మధ్య, ఇరుకు చాల్ గదుల్లో ఏళ్ల తరబడి బతికారు. 1927లో బొంబాయి శాసనమండలిలో అడుగుపెట్టి, మరుసటి ఏడాదే వతన్ చట్టాన్ని సవరించే బిల్లు పెట్టారు. చాకిరీకి హద్దు, దానికి సరైన జీతం, వద్దనుకుంటే బయటపడే దారి ఉండాలన్నది ఆయన వాదన. బిల్లు నెగ్గలేదు. చివరికి ఆయనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. 1938లో బొంబాయి కాంగ్రెస్ ప్రభుత్వం సమ్మెలకు సంకెళ్లు వేసే పారిశ్రామిక వివాదాల బిల్లు తెచ్చింది. ఇష్టం లేని మనిషితో శిక్ష భయం చూపి పనిచేయించడం బానిసత్వమేనని ఆయన సభలో వాదించారు. ఆ ఏడాది నవంబర్ 7న కమ్యూనిస్టులతో కలిసి ఒక రోజు సమ్మె నడిపించారు. పదేళ్ల కిందట మహర్ల కోసం వాదించింది కూడా ఇదే. కాకపోతే ఈసారి మిల్లు కార్మికులందరి కోసం.

1942 జూలైలో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. పద్నాలుగు గంటల పనిని ఆయన ఒక్క దెబ్బతో ఎనిమిదికి తగ్గించారని జయంతి పోస్టర్లలో తరచూ చూస్తుంటాం. చరిత్ర అంత సులువుగా నడవలేదు. 1922 నాటికే చట్టంలో వారానికి 60 గంటల పరిమితి ఉంది, 1934 చట్టం దాన్ని 54కు, రోజుకు 10కి దించింది. 1946లో అంబేద్కర్ తెచ్చిన ఫ్యాక్టరీల సవరణ దాన్ని వారానికి 48, రోజుకు 9 గంటలు చేసింది. నా దృష్టిలో అంతకంటే పెద్ద సంగతి ఓవర్‌టైమ్ రేటు. పరిమితి దాటిన ప్రతి గంటకూ మామూలు కూలికి రెట్టింపు ఇవ్వాలన్నారు. పనిగంటల పరిమితి కాగితం మీద ఎంతైనా ఉండొచ్చు. కార్మికుణ్ని ఉన్నపళాన ఆపేస్తే యజమాని జేబుకు చిల్లు పడాలి, అప్పుడే ఆ పరిమితికి విలువ.

ఆయన తర్వాత ఆ శాఖ చూసినదీ దళిత నాయకుడే, జగ్జీవన్ రామ్. ఆయన హయాంలో వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టం రెట్టింపు రేటును నిలబెట్టింది. పనివేళలను ముందే బోర్డు మీద పెట్టాలనీ, దానికి భిన్నంగా పనిచేయించకూడదనీ చెప్పింది. 1950లో రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. మహర్ వతన్ రద్దు చట్టం మాత్రం 1958లో గానీ రాలేదు, అప్పటికి బాబాసాహెబ్ లేరు. ఇక పొలం కూలీలనూ, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లనూ ఫ్యాక్టరీల చట్టం తాకనేలేదు. మనవాళ్లు ఎక్కువగా ఉన్నది అక్కడే.

2025 నవంబర్ 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. రెట్టింపు రేటు అందులోనూ ఉంది, పైగా ఓవర్‌టైమ్‌కు కార్మికుడి సమ్మతి ఉండాలంటోంది. కాదంటే రేపు గేటు దగ్గరే ఆపేస్తారని కాంట్రాక్టు కార్మికులు భయపడే చోట ఆ సమ్మతిని ఎవరు, ఎప్పుడు, ఎలా రాయించుకుంటున్నారో యూనియన్లు చూడాల్సి ఉంది.