నాదశిల్పి లియో ఫెండర్

వాద్యాన్ని నిర్మించేవాడు దానిని వాయించడంలోనూ నేర్పరి అయి ఉంటాడని లోకం భావించడం సహజం. కాని విద్యుత్ గిటార్‌కు నేడు మనం ఎరిగిన రూపాన్నిచ్చిన లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. తీగలను శ్రుతి చేయడం కూడా ఆయన నేర్చుకోలేదు.

ఫెండర్ 1909 ఆగస్టు 10వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, అనహైమ్, ఫుల్లర్టన్ పట్టణాల నడుమ నారింజతోట సాగుచేసుకొనే రైతు దంపతులకు జన్మించాడు. బాల్యంలోనే కణితి కారణంగా ఎడమకన్ను కోల్పోయి గాజుకన్నుతో పెరిగాడు. పదమూడు పద్నాలుగేళ్ల వయసులో సమీప బంధువు ఒకరు పంపిన రేడియో విడిభాగాల పెట్టె ఆయన మనసును విద్యుత్ పరికరాల వైపు మళ్లించింది. అయితే 1928లో పాఠశాల చదువు ముగించి జూనియర్ కళాశాలలో చేరినప్పుడు ఆయన ఎంచుకున్నది గణకశాస్త్రం. ఎలక్ట్రానిక్స్‌లో ఒక్క పాఠమైనా తరగతి గదిలో వినలేదు. పద్దులు రాసే ఉద్యోగాలు ఆర్థికమాంద్య కాలంలో నిలవలేదు. 1938లో 600 డాలర్లు అప్పు తెచ్చి ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మతు దుకాణం తెరిచాడు.

ఆ దుకాణానికి రేడియోలతోపాటు సంగీతకారుల ధ్వనివర్ధకాలు, గిటార్లు కూడా వచ్చేవి. వాటితోపాటు వారి ఫిర్యాదులూ వచ్చేవి. నాటి గిటార్‌కు వీణకుండ వలె లోపల గుల్ల ఉండేది. చెక్కగుల్లలో ప్రతిధ్వనించే నాదం గదిలో వినేవారికి ఇంపుగా ఉన్నా, పెద్ద నృత్యశాలలో డోలువాద్యాల మధ్య అణగిపోయేది. విద్యుత్ సాయంతో శబ్దాన్ని పెంచితే స్పీకరు ధ్వనికి గుల్ల తిరిగి కంపించి, చెవులు చిల్లులుపడే కూత పుట్టేది. గుల్లనే తీసివేస్తే ఈ బాధ తొలగుతుంది. ఈ ఆలోచన ఫెండర్ ఒక్కడిదే కాదు. అంతకుముందే లెస్ పాల్ వంటివారు ఆ దిశగా ప్రయోగాలు చేశారు. అయినా ఆ ఆలోచనను వందలాది సంగీతకారుల చేతికి అందగల వస్తువుగా మలచిన ఘనత ఫెండర్‌కే దక్కుతుంది. 1945 ప్రాంతంలో డాక్ కాఫ్‌మన్ అనే మిత్రుడితో కలిసి ఒడిలో పెట్టుకొని వాయించే హవాయి గిటార్లు తయారుచేశాడు. మరుసటి సంవత్సరం మిత్రుడు తప్పుకున్నా ఫెండర్ వెనుదిరగలేదు.

1950లో వెలువడిన గిటార్‌లో మరమ్మతు పనివాని బుద్ధి అడుగడుగునా కనిపిస్తుంది. సుమారు నాలుగున్నర సెంటీమీటర్ల మందం గల యాష్ చెక్కను కోసి, నునుపు చేసి దేహంగా మలిచాడు. దండిని గట్టి మేపుల్ కర్రతో చేసి, మెట్లను నేరుగా దానిలోనే బిగించాడు. సంప్రదాయ శిల్పులు దండిని దేహానికి జిగురుతో అతికేవారు. ఫెండర్ నాలుగు మరలతో బిగించాడు. దండి చెడిపోతే మరలు విప్పి మరొకటి అమర్చుకోవచ్చు. మేపుల్ ఎంత గట్టిదైనా తీగల బిగువుకు వంగే ప్రమాదం ఉందని తొలి నమూనాల తరువాత గ్రహించి, దండి లోపల ఉక్కు ఊచను చేర్చాడు. తీగల క్రింద ఆరు చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ వేలాది చుట్లుగా సన్నని రాగితీగ. ఉక్కుతీగ కంపించగానే అయస్కాంత క్షేత్రం మారి రాగిచుట్టలో విద్యుత్తు పుడుతుంది. ధ్వనివర్ధకం దానినే నాదంగా మారుస్తుంది.

చివరి మెరుగు దిద్దడం ఓర్పుతో కూడిన పని. యాష్ చెక్కలో సూక్ష్మరంధ్రాలు ఎక్కువ. వాటిని పూడ్చి, గరుకు కాగితంతో సానబట్టి, మోటారుకార్లకు వాడే లాకరు వంటి పూతను పలుమార్లు చల్లి ఆరబెట్టాలి. తొలి గిటార్లకు చెక్క చారలు కనిపించే లేత పసుపు వన్నె వేశారు. మేపుల్ వేళ్ల చెమటకు మాసిపోతుంది కనుక దండికీ లాకరు పూత తప్పలేదు.

ఆ ఏడాది వాద్యవ్యాపారుల ప్రదర్శనలో పోటీదారులు ఈ పలకను చూసి పడవ తెడ్డుతో పోల్చి పరిహసించారు. పైగా దానికి పెట్టిన బ్రాడ్‌కాస్టర్ అనే పేరుపై మరొక సంస్థ అభ్యంతరం తెలిపింది. కొత్త పేరు కుదిరే వరకు, అచ్చయిన చీటీల నుండి ఆ మాటను కత్తిరించి గిటార్లు అమ్మారు. 1951లో అదే టెలికాస్టర్ అయింది. గిటార్ అంచు పక్కటెముకలకు ఒరుసుకుంటోందని వాయించేవారు చెప్పగా, 1954 నాటి స్ట్రాటోకాస్టర్‌లో అంచులను ఒంటికి ఒదిగేలా చెక్కించాడు. తాను వాయించలేనివాడు కనుకనే కాబోలు, వాయించేవారి మాటను ఆయన అంత శ్రద్ధగా విన్నాడు. 1956లో ఆయన సంస్థ గుల్లలేని విద్యుత్ మాండలిన్‌ను కూడా తెచ్చింది. ఆ జాతి మాండలిన్‌తోనే తరువాతి కాలంలో మన పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్ కర్ణాటక సంగీత సభలను అలరించాడు.

1955 నుండి మొండి అంటువ్యాధి ఫెండర్‌ను పీడించింది. ఇక కోలుకోలేనని భావించి 1965లో సంస్థను సి.బి.ఎస్. కంపెనీకి సుమారు 130 లక్షల డాలర్లకు అమ్మివేశాడు. కొన్నేళ్లకే మరొక వైద్యుని చికిత్సతో జబ్బు నయమైంది. ఆరోగ్యం తిరిగి వచ్చింది కాని సంస్థ తిరిగి రాలేదు. 1969లో వుడ్‌స్టాక్ వేదికపై జిమీ హెండ్రిక్స్ స్ట్రాటోకాస్టర్‌ను పలికించిన నాటికి ఆ గిటార్‌పై ఉన్న పేరు తప్ప అందులో ఆయనకు భాగం లేదు. తరువాత తాను తయారుచేసిన గిటార్లపై సొంత పేరు వేసుకొనే హక్కు కూడా ఆయనకు లేకపోయింది.

ఆయన మాత్రం మళ్లీ పనిబల్ల ముందు కూర్చున్నాడు. మొదట మ్యూజిక్ మ్యాన్ సంస్థకు, 1980 ప్రాంతంలో పాత సహచరుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి స్థాపించిన జి అండ్ ఎల్ సంస్థకు కొత్త గిటార్లు రూపొందించాడు. వాటిలో తన పేరుకు గుర్తుగా మిగిలింది ఒక్క అక్షరమే. పార్కిన్సన్ వ్యాధితో చేతులు వణుకుతున్నా కర్మాగారానికి వెళ్లడం మానలేదు. 1991 మార్చి 20న కూడా పనిచేశాడు. మరునాడు ఫుల్లర్టన్‌లో కన్నుమూశాడు.