రిజర్వేషన్ లేని కుర్చీలో లంకపల్లి బుల్లయ్య

విశాఖలో బుల్లయ్య కాలేజీ ఎక్కడంటే ఎవరైనా దారి చూపిస్తారు. ఆ బుల్లయ్య గుంటూరు జిల్లా పెరవలిలో పుట్టిన దళితుడని చెప్పేవాళ్లు తక్కువ.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది. కట్టమంచి రామలింగారెడ్డి, రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్లుగా కూర్చున్న కుర్చీలోకి ఒక దళితుడు రావడానికి 42 ఏళ్లు పట్టింది. వైస్ ఛాన్సలర్ పదవికి రిజర్వేషన్ లేదు. మెరిట్ గురించి గొంతు చించుకునేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

1968 నుంచి 1974 దాకా బుల్లయ్య వీసీగా ఉన్నారు. సులువైన కాలం కాదు. ఒకపక్క శ్రీకాకుళం సాయుధ పోరాటం, తర్వాత జై ఆంధ్ర. 1972-73లో కోస్తా కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి.

ఆ 1972లోనే అక్కడ కరస్పాండెన్స్ కోర్సులు మొదలయ్యాయి. ఆయన హయాంలో జరిగినవాటిలో, నా లెక్కన, ఇదే పెద్ద పని. సత్తెనపల్లిలో పత్తి తీయడానికో మిరపకాయలు కోయడానికో పోయే ఇంటి పిల్లలకు వాల్తేరు హాస్టల్ చాలా దూరం. పాఠం పోస్టులో గుమ్మం దగ్గరికొస్తే కూలి మానకుండానే డిగ్రీ కట్టొచ్చు.

గుంటూరు దగ్గర 1967లో పెట్టిన పీజీ కేంద్రం కూడా ఆయన కాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందే నడిచింది. సత్తెనపల్లి పిల్లలకు అది బస్సెక్కి పోగలిగినంత దూరం. 1976లో అదే నాగార్జున విశ్వవిద్యాలయమైంది.