జీతం లేని రాయబారి

మానసిక రోగుల కోసం పనిచేసే కొన్ని సేవాసంస్థలు ఈ రోజుల్లో స్వచ్ఛంద కార్యకర్తలను తమ 'అంబాసిడర్లు'గా నియమించుకుంటున్నాయి. వీరు డాక్టర్లు కారు. జీతం తీసుకునేవారూ కారు. నలుగురు కూడిన చోటికి వెళ్ళి, ఎవరూ మాట్లాడని ఈ జబ్బు గురించి నోరు విప్పి మాట్లాడటమే వీరి పని. ఆ బాధ స్వయంగా అనుభవించి లేచినవారూ వీరిలో ఉంటారు.

అంబాసిడర్ అంటే రాయబారి. ఈ మాట మనకు కొత్త కాదు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 5వ అధ్యాయంలో పౌలు తనను, తన తోటివారిని క్రీస్తు రాయబారులుగా చెప్పుకున్నాడు. రాయబారి తన పేరు కోసం మాట్లాడడు. తాను ఎవరి పక్షాన నిలిచాడో వారి కోసం మాట్లాడతాడు.

అలాంటి పని 180 ఏళ్ళ క్రితమే అమెరికాలో ఒక స్త్రీ చేసింది. ఆమె పేరు డొరోథియా డిక్స్. ఈ వారం ఆమె జీవితాన్ని మీ ముందు పెట్టాలనిపించింది.

ఆమె 1802 ఏప్రిల్ 4న మెయిన్ ప్రాంతంలోని హాంప్డెన్‌లో జన్మించింది. తండ్రి ఊరూరా తిరిగే మెథడిస్టు బోధకుడు. బోధకుని ఇల్లే అయినా అందులో సుఖం లేదు. తండ్రికి నిలకడ లేదు, తల్లికి ఆరోగ్యం లేదు. తండ్రి పంచిపెట్టే కరపత్రాలు కుట్టడంలోనే ఆ పిల్ల బాల్యం గడిచిపోయింది. సుమారు 12 ఏళ్ళ వయసులో బోస్టన్‌లోని నాయనమ్మ దగ్గరికి చేరింది. 14 ఏళ్ళకే చిన్నపిల్లలకు బడి నడిపింది. తర్వాత బోస్టన్‌లో డబ్బున్నవారి పిల్లలకు ఒక బడి, పేదపిల్లలకు ఉచితంగా మరో బడి నడిపింది. పగలు పాఠాలు, రాత్రి పుస్తకాలు రాయడం. ఒంటికి విశ్రాంతి లేదు.

1836లో ఆమె కూలిపోయింది. ఊపిరితిత్తుల జబ్బుతో పాటు మనసు కూడా పూర్తిగా కుంగిపోయింది. వాతావరణం మారితే కోలుకుంటుందని స్నేహితులు ఓడ ఎక్కించి ఇంగ్లండుకు పంపారు. లివర్‌పూల్‌లో రాత్‌బోన్ అనే కుటుంబం ఆమెను తమ ఇంట చేర్చుకుంది. రక్తసంబంధం లేదు, పాత పరిచయమూ లేదు. అయినా ఏడాదికి పైగా ఆ ఇంటివారు ఆమెను సొంత మనిషిలా చూసుకున్నారు. మంచం పట్టి ఉన్న ఆ రోజుల్లోనే సముద్రానికి ఆవల తల్లి, నాయనమ్మ ఇద్దరూ చనిపోయారు. బడి పోయింది, ఆరోగ్యం పోయింది, అయినవారు పోయారు. ఆమెకు మిగిలింది పరాయివారి ప్రేమ ఒక్కటే. ఆ ప్రేమ ఆమెను మళ్ళీ లేపి నిలబెట్టింది.

అమెరికాకు తిరిగి వచ్చిన కొన్నేళ్ళకు, 1841 మార్చి 28 ఆదివారం, ఆమె జీవితం మలుపు తిరిగింది. బోస్టన్ దగ్గర ఈస్ట్ కేంబ్రిడ్జ్ జైలులోని స్త్రీలకు సండే స్కూల్ చెప్పేవారు కావాలని ఒక వేదాంత విద్యార్థి వెతుకుతున్నాడు. ఆ పనికి తానే వస్తానని డొరోథియా బయలుదేరింది. పాఠం ముగిసింది. తర్వాత జైలు లోపలి గదులు చూసింది. ఏ నేరమూ చేయని, మతిస్థిమితం లేని స్త్రీలు అక్కడ ఉన్నారు. ఎముకలు కొరికే చలిలో ఆ గదిలో నిప్పు లేదు. ఎందుకని అడిగితే, పిచ్చివాళ్ళకు చలి తెలియదని జవాబు వచ్చింది.

ప్రియులారా, ఆమె ఇంటికి వెళ్ళి కన్నీళ్ళతో ప్రార్థన చేసి ఊరుకుని ఉంటే ఈ రోజు మనకు ఆమె పేరు తెలిసేది కాదు. ఆమె విషయాన్ని కోర్టు దాకా తీసుకువెళ్ళింది. ఆ గదికి వెచ్చదనం వచ్చింది. ఆ తర్వాత ఆమెను ఒక ప్రశ్న పట్టుకుంది. ఇక్కడ ఇలా ఉంటే మిగతా చోట్ల ఎలా ఉందో?

దాదాపు రెండేళ్ళు మసాచుసెట్స్ రాష్ట్రమంతా తిరిగింది. జైళ్ళు, పేదల వసతిగృహాలు, ఇళ్ళ వెనక కొట్టాలు, ఏదీ వదలలేదు. గొలుసులతో కట్టినవారిని చూసింది. బోనులలో, నేలమాళిగలలో పెట్టినవారిని, బట్టలు లేనివారిని, దెబ్బలు తిన్నవారిని చూసింది. ఏ ఊరిలో, ఏ ఇంట్లో, ఏమి చూసిందో పుస్తకంలో రాసుకుంది. 1843 జనవరిలో ఆ వివరాలన్నీ ఒక విజ్ఞాపన పత్రంగా శాసనసభ ముందుకు వచ్చాయి. ఆ కాలంలో స్త్రీకి ఓటు లేదు, సభలో నిలబడి మాట్లాడే అవకాశమూ లేదు. కాబట్టి శామ్యూల్ హౌ అనే సభ్యుడు దాన్ని సభ ముందు పెట్టాడు. కొన్ని ఊళ్ళ అధికారులు ఇదంతా అబద్ధమని మండిపడ్డారు. కానీ కళ్ళతో చూసి రాసిన మాటను కొట్టివేయడం ఎవరి తరమూ కాలేదు. వూస్టర్‌లో ఉన్న ఆసుపత్రిని పెద్దది చేయడానికి సభ ఒప్పుకుంది.

అక్కడి నుంచి రాష్ట్రం తర్వాత రాష్ట్రం. నాయనమ్మ ద్వారా వచ్చిన ఆస్తితో, తన పొదుపుతో బతుకుతూ జీతం లేకుండా తిరిగింది. 1848లో నార్త్ కరోలినాకు వెళ్ళినప్పుడు ఆసుపత్రి బిల్లు ఓడిపోయే పరిస్థితి వచ్చింది. ఆమె దిగిన హోటల్‌లోనే జేమ్స్ డాబిన్ అనే శాసనసభ్యుని భార్య జబ్బుతో మంచం పట్టి ఉంది. డొరోథియా ఆమె పక్కన కూర్చుని సేవ చేసింది. చనిపోయే ముందు ఆ భార్య, బిల్లుకు మద్దతు ఇవ్వమని భర్తను కోరింది. భార్యను సమాధి చేసి వచ్చిన డాబిన్ సభలో లేచి మాట్లాడాడు. బిల్లు గెలిచింది. ఒక మంచం పక్కన చేసిన సేవ, సభలో వాదనలు చేయలేని పని చేసింది.

అన్నీ విజయాలే కాదు. రోగుల పోషణ కోసం కోటి ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమిని రాష్ట్రాలకు కేటాయించాలని ఆమె ఆరేళ్ళు పోరాడింది. 1854లో ఉభయసభలూ ఒప్పుకున్నాయి. కానీ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ సంతకం పెట్టకుండా తిప్పి పంపాడు. అలసిపోయి, విశ్రాంతి కోసమని ఆమె యూరప్ వెళ్ళింది. విశ్రాంతి ఎక్కడిది? స్కాట్లండులో రోగుల దుస్థితి చూసి నేరుగా లండన్‌లో హోం మంత్రిని కలిసింది. ఫలితంగా విచారణ సంఘం ఏర్పడింది, 1857లో కొత్త చట్టం వచ్చింది. ప్రొటెస్టెంటు స్త్రీ అయి ఉండి కూడా రోమ్‌లో పోప్ తొమ్మిదవ పయస్‌ను కలిసి అక్కడి ఆసుపత్రి సంగతి చెప్పింది.

ఆమె కృషితో మొత్తం 30కి పైగా ఆసుపత్రులు కట్టారు, లేదా పెద్దవి చేశారు. వాటికి తన పేరు పెడతామంటే ఒప్పుకోలేదు. 1848లో తెరిచిన న్యూజెర్సీలోని ట్రెంటన్ ఆసుపత్రిని తన మొదటి బిడ్డగా భావించింది. వృద్ధాప్యంలో ఆ ఆసుపత్రిలోనే ఆమెకు కొన్ని గదులు ఇచ్చారు. 1887 జులై 17న, 85 ఏళ్ళ వయసులో, అక్కడే కన్నుమూసింది.

ఆమెను దేవదూతగా చూపించడం నా ఉద్దేశం కాదు. సిద్ధాంతంలో ఆమె యూనిటేరియన్. త్రిత్వం విషయంలో ఆమె విశ్వాసం మన విశ్వాసం కాదు. అయితే దారిలో పడి ఉన్నవాని దగ్గర ఆగిన సమరయుని సిద్ధాంతం కూడా యూదులకు నచ్చినది కాదని మరచిపోవద్దు. దక్షిణ రాష్ట్రాలలో రోగుల గొలుసులు చూసిన ఆమె, అదే నేల మీద బానిసల గొలుసుల గురించి గొంతు ఎత్తలేదు. అది పెద్ద లోటు. యుద్ధకాలంలో సైనిక నర్సుల మీద అధికారిగా ఉన్నప్పుడు డాక్టర్లతో ఆమెకు పొసగలేదు. ఆమె కట్టించిన ఆసుపత్రులు కూడా కాలం గడిచేకొద్దీ కిక్కిరిసిపోయి, అవే మరో రకం చెరలయ్యాయి. గోడలు కట్టినంత మాత్రాన సరిపోదు. ఆ గోడల లోపలికి వెళ్ళి చూసేవారు ప్రతి తరంలోనూ ఉండాలి.

ఇక మన సంగతి. మన మధ్య ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే హైదరాబాదులో ఎర్రగడ్డ అంటాం, విశాఖలో చినవాల్తేరు అంటాం. ఆసుపత్రి ఉన్న ఊరి పేరే మనకు వేళాకోళం అయింది. షుగర్ ఉందని, బీపీ ఉందని ప్రార్థన కూడికలో లేచి చెప్పుకునే మనం, కొడుకుకు మనసు బాగాలేదని చెప్పలేం. చెబితే దయ్యం అంటారని, పాపం అంటారని, ఆడపిల్లకు సంబంధం రాదని భయం. కాపరులు ఇళ్ళ దర్శనానికి వెళ్ళినప్పుడు ముందు గదిలో కూర్చుని ప్రార్థన చేసి, టీ తాగి వస్తాం. వెనక గదిలో ఎవరున్నారని అడగం.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాధులలో తిరిగే మనిషికి ఊరివారు గొలుసులు వేశారు. మన ప్రభువు అతనితో మాట్లాడి, పేరు అడిగాడు. కథ చివర అతడు బట్టలు కట్టుకుని, స్థిరమైన మనసుతో కూర్చున్నాడు. ఈ రోజు మన దేశంలో కూడా రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. చట్టం గొలుసును తీయగలదు. పక్కన కూర్చునే మనిషిని ఇవ్వాల్సింది సంఘమే.

ప్రార్థించండి, తప్పక ప్రార్థించండి. మందులు మాన్పించకండి. డాక్టరు దగ్గరకు తోడు వెళ్ళండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉచిత నంబరు 14416, తెలుగులో మాట్లాడవచ్చు. దాన్ని చర్చి నోటీసు బోర్డు మీద రాయండి. ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురు ఈ పనికి ముందుకు రావాలి. ఇంటికి వెళ్ళాలి, వినాలి, విన్నది వీధిలో చెప్పకుండా గుండెలో దాచుకోవాలి, అవసరమైన చోట ఆ కుటుంబం పక్షాన మాట్లాడాలి. సామెతలు 31:8 మనకు అప్పగించిన పని ఇదే.

డొరోథియాను ముందు ఒక కుటుంబం తన ఇంట చేర్చుకుంది. ఆ తర్వాతే ఆమె వేలమందికి ఇల్లు చూపించింది. మీ సంఘంలో ఈ రోజు కుంగిపోయి ఉన్న మనిషి రేపు ఎవరికి రాయబారి కానున్నాడో మనకు తెలియదు. ముందు అతని తలుపు తట్టండి.

ప్రభువు మనకు వెనక గది దాకా నడిచే కాళ్ళను, కించపరచని నాలుకను దయచేయును గాక. ఆమెన్.