పాములకు పేరడిగిన వైద్యుడు – పేట్రిక్ రస్సెల్

రక్తపింజరి పేరు వినగానే మన పల్లెలలో ఒడలు జలదరించని రైతు ఉండడు. శాస్త్రజ్ఞులు ఆ పామునకు పెట్టిన పేరు డబోయా రస్సెలీ. ఆ పేరులోని రస్సెల్ ఎవరో, ఆయనకు మన ఉత్తరాంధ్ర తీరంతో గల సంబంధమెట్టిదో ఎరిగినవారు తక్కువ. సుమారు రెండువందల నలుబది యేండ్ల క్రిందట విశాఖపట్టణంలో నివసించి, ఇక్కడి పాములను, చేపలను ఇక్కడివారి నోట విన్న పేర్లతోనే ప్రపంచానికి ఎరుకపరచిన స్కాట్లండు వైద్యుడాయన. ఆ పేర్లు చెప్పినవారెవరో మాత్రం లోకానికి తెలియదు. ఈ రెండు సంగతులనూ కలిపి చెప్పుకొన్నప్పుడే రస్సెల్ చరిత్ర పూర్తి అవుతుంది.

పేట్రిక్ రస్సెల్ 1727లో ఎడింబరోలో జన్మించినాడు. అక్కడనే వైద్యం చదివి 1750లో పట్టం పొందినాడు. ఆయన సవతి అన్న అలెగ్జాండరు సిరియా దేశంలోని అలెప్పో నగరంలో, ఇంగ్లీషు వర్తకుల కంపెనీకి వైద్యుడుగా ఉండేవాడు. తమ్ముడు అన్నను చేరి, 1753లో ఆయన పదవినే స్వీకరించినాడు. 1760 మొదలు 1762 వరకు ఆ నగరాన్ని ప్లేగు పీడించినది. రస్సెల్ ఆ కాలంలో ఊరు విడిచి పోలేదు. ఏ నెలలో రోగం పెరిగినదో, ఏ నెలలో తగ్గినదో, లక్షణాలు ఏ వరుసలో కనిపించినవో వ్రాసుకొన్నాడు. ఆ వ్రాతల ఆధారంతో 1791లో ప్లేగును గురించి పెద్ద గ్రంథం వెలువరించినాడు. అన్నగారు వ్రాసిన అలెప్పో ప్రకృతిచరిత్రను పెంచి, సవరించి 1794లో మరల ప్రకటించినాడు. కంటితో చూచినదానిని కాలక్రమంలో వ్రాసి ఉంచుకోవడం ఆయనకు అక్కడ అలవడిన విద్య.

1772లో స్వదేశానికి చేరి, 1777లో రాయల్ సొసైటీ సభ్యుడైన రస్సెల్, ఇక విశ్రాంతిగా లండనులో కాలం గడపవచ్చును. కాని తమ్ముడు క్లాడు రస్సెలుకు ఈస్టిండియా కంపెనీ విశాఖపట్టణంలో అధికారం ఒప్పగించినది. తమ్ముని వెంట పేట్రిక్ 1781లో మన దేశానికి బయలుదేరినాడు. అప్పటికి ఆయనకు ఏబది దాటినవి. ఆయన అవివాహితుడు. కొత్త దేశంలో కొత్త చదువుకు పూనుకొనడానికి ఆ వయస్సు ఆయనకు అడ్డు కాలేదు.

నాటి విశాఖపట్టణం శ్రీకాకుళం సర్కారులోని ఒక రేవుపట్టణం. చుట్టూ విజయనగరం పూసపాటి ప్రభువుల జమీ. పడమట కొండలు, తూర్పున సముద్రం, నడుమ వరిపొలాలు, తాటితోపులు. శ్రీకాకుళం జిల్లా 1950లోను, విజయనగరం జిల్లా 1979లోను ఏర్పడినవి. రస్సెల్ కాలంనాడు ఈ విభజనలేవీ లేవు. భీమునిపట్టణం మీదుగా ఇచ్ఛాపురం దాక అది ఒకే తీరం, ఒకే పలుకుబడి.

కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా అంతకుముందు పనిచేసినవాడు లిన్నేయసు శిష్యుడైన కోనిగ్. అతడు 1785లో కాకినాడలోని జగన్నాథపురంలో మరణించగా, ఆ పదవి రస్సెలుకు లభించినది. వెంటనే ఆయన మద్రాసు ప్రభుత్వానికి ఒక సలహా ఇచ్చినాడు. కంపెనీ వైద్యులు ఎక్కడెక్కడ ఉన్నారో అక్కడి ఉపయోగకరమైన మొక్కలను సేకరించి, వాటి వివరాలను పంపవలెననేది ఆ సలహా. సామర్లకోటలో ఉండిన రాక్సుబరో తరువాత ఆ పదవిని అలంకరించి, కోరమాండలు తీరపు మొక్కలను గురించిన మహాగ్రంథం రచించినాడు. 1795లో వెలువడిన ఆ గ్రంథానికి పీఠిక వ్రాసినవాడు రస్సెలే.

ఐతే ఆయన మనస్సును ఎక్కువగా ఆకర్షించినది పాముల సమస్య. వానకాలం వచ్చి నాట్లు మొదలయ్యేసరికి పాముకాట్లు పెరుగుతవి. ఎలుకల కోసం పింజరి పొలానికి వస్తుంది, కూడు కోసం కూలి పొలానికి వస్తాడు. ఇద్దరూ ఒక గట్టుమీదనే ఎదురుపడతారు. కరచిన పాము విషం గలదా, లేనిదా అన్నది మొదటి ప్రశ్న. దీనిని తెలిసికొనడానికి సులభమైన గుర్తు ఏదైన దొరకునా అని రస్సెల్ పాముల పొలుసుల వరుసలను లెక్కపెట్టి చూచినాడు. పొలుసులను బట్టి విషసర్పాన్ని నిశ్చయించడం సాధ్యం కాలేదు. కోరలే నమ్మదగిన గుర్తుగా మిగిలినవి.

తరువాత ఆయన కోళ్లను, కుక్కలను పాములచేత కరిపించి, ఎంతసేపటికి ఏ లక్షణం కనిపించినదో వ్రాసుకొన్నాడు. నేడు ఇట్టి ప్రయోగాలు మనకు కఠినంగానే తోచును. కాని విషం పనిచేసే తీరును ఊహతో గాక పరీక్షతో తెలిసికొనే ప్రయత్నం మన దేశంలో శాస్త్రరీతిగా అట్లు ఆరంభమైనది. పాషాణం కలిపి చేసే తంజావూరు మాత్రకు ఆ కాలంలో గొప్ప ప్రఖ్యాతి ఉండేది. రస్సెల్ ఆ ప్రఖ్యాతిని ఉన్నది ఉన్నట్లు ఒప్పుకొనక పరీక్షకు పెట్టినాడు. విషం గల పాము కరచినప్పుడల్లా విషం ఎక్కదు. అట్టి కాటు తిన్నవాడు ఏ మందు మింగినా బ్రతుకుతాడు, కీర్తి మందుకు దక్కుతుంది. పరీక్ష లేని వైద్యంలోని చిక్కు ఇదే.

1787లో ఆయన ఈ తీరపు విషసర్పాలను గురించి వ్రాసిన చిన్న వివరణను ప్రభుత్వం మద్రాసులో అచ్చు వేయించినది. 1789లో ఇంగ్లండుకు మరలినాడు. 1796లో కంపెనీ డైరెక్టర్ల ఉత్తర్వుపై ఆయన సర్పగ్రంథం మొదటి సంపుటం రంగుల చిత్రాలతో వెలువడినది. మన దృష్టిలో దాని విశేషం పాముల పేర్లు. కాటుక రేకుల పొడ, పెద్ద పొడ, జెర్రిపోతు, పసిరిక పాము, బంగారం పాము – ఈ తెలుగు పేర్లన్నీ ఇంగ్లీషు లిపిలో ఆ గ్రంథంలో కనిపిస్తవి. కాటుక రేకుల పొడ అనేది మన రక్తపింజరియే. పొడ అనగా మచ్చ. కాటుకతో అంచు దిద్దిన రేకుల వంటి మచ్చలు వీపున గల పాము అని ఆ పేరే ఆకారాన్ని చూపుతున్నది. విషంలో నాగుపాము తరువాత ఎన్నదగినది ఇదేనని రస్సెల్ గుర్తించినాడు. 1797లో షా అనే శాస్త్రజ్ఞుడు దానికి రస్సెల్ పేరు పెట్టినాడు. పసుపు, నలుపు పట్టెలు గల కట్లపామును తెలుగువారు బంగారమన్నారు. ఆ మాటనుండియే 1803లో డోడిన్ అనే ఫ్రెంచి పండితుడు కట్లపాముల జాతికంతకూ బంగారస్ అని నామకరణం చేసినాడు. నేడు ఏ దేశపు విద్యార్థి ఆ జాతిపేరు పలికినా తెలుగు మాటనే పలుకుతున్నాడు.

చేపల విషయంలోను ఆయన ఇదే పద్ధతి పాటించినాడు. విశాఖపట్టణంలో సేకరించిన 200 చేపల వర్ణనలు, చిత్రాలు 1803లో రెండు సంపుటాలుగా వచ్చినవి. సొరలు, టెంకెలు, నల్ల సందువ, తెల్ల సందువ మన వాడబలిజలు, జాలరులు పిలిచే పేర్లతోనే అందులో ఉన్నవి. కువియే వంటి మహాపండితులు తమ మత్స్యశాస్త్రగ్రంథాలలో ఈ తెలుగు పేర్లను ఉదాహరించవలసి వచ్చినది.

వెదురు కణుపులలో గడ్డకట్టే తెల్లని పదార్థాన్ని మనవారు వెదురుపాలు అంటారు. దానిని గురించి రస్సెల్ 1790లో రాయల్ సొసైటీకి ఒక వ్యాసం సమర్పించినాడు. మరుసటి సంవత్సరం ఆ పదార్థాన్ని రసాయనికంగా పరిశోధించి, అది ఇసుకరాతి జాతికి చెందినదని చూపిన యువకుడు జేమ్స్ మేసీ. జేమ్స్ స్మిత్సన్ అనే పేరుతో తరువాత ప్రసిద్ధుడై, తన ఆస్తితో అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థ పుట్టడానికి కారకుడైనవాడు ఆయనే.

వార్ధక్యంలోను రస్సెల్ పని మానలేదు. కొన్ని విషసర్పాల ముక్కుకు, కంటికి నడుమ గల గుంటలను గురించి 1804లో, అనగా మరణానికి ఒక సంవత్సరం ముందు, వ్రాసినాడు. ఆ గుంటలు వేడిని పసిగట్టే అవయవాలని 20వ శతాబ్దంలో గాని తేలలేదు. 1805 జులై 2న ఆయన లండనులో కన్నుమూసినాడు. సర్పగ్రంథం చివరి భాగాలు 1807, 1809 సంవత్సరాలలో వెలువడినవి.

రస్సెల్ కంపెనీ ఉద్యోగి. ఈ దేశపు సంపదను ఎరిగి లాభం పొందవలెననే కంపెనీ కోరికయే ఆయన చదువుకు డబ్బు సమకూర్చినది. ఇది మరువరాదు. ఆయన పుస్తకాలలోని బొమ్మలను వ్రాసినవారు మన దేశపు చిత్రకారులు. పాములను పట్టి తెచ్చినవారు, వలలోని చేపను చూపి పేరు చెప్పినవారు మన పల్లెలవారు. వారి పేర్లు లోకప్రసిద్ధి పొందలేదు. పాముకు ఆయన పేరు నిలిచినది, ఆ పామును ఆయనకు చూపినవాడు మరుగున పడినాడు. ఐనను, తన భాషలో కొత్త పేర్లు కల్పించక, వారి మాటను విన్నది విన్నట్లు నిలిపినందుకు మనం ఆయనకు ఋణపడి ఉన్నాము. ఆ గ్రంథాలు లేకున్న, ఆ కాలపు తెలుగు పల్లెవాడు తన పాములను ఎంత నిశితంగా చూచినాడో తెలిపే ఇంతటి సాక్ష్యం మనకు మిగిలి ఉండేది కాదు.

నేడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి – ఈ నాలుగింటి విషానికి విరుగుడు మందు ఆసుపత్రులలో లభిస్తున్నది. కాటు పడినవారిని నాటు మందులకై నిలపక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెనని ప్రతి బాలునికి తెలియవలెను. మందు వచ్చినది గాని, మాటలు పోతున్నవి. సముద్రపు ఒడ్డున పుట్టిన పిల్లలకే టెంకెకు, సొరకు భేదం తెలియని కాలం వస్తున్నది. రస్సెల్ పక్షుల జోలికి అంతగా పోలేదు, ఆ పని మనకు మిగిల్చినాడనుకొందాము. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానలతో పాటు నత్తగుల్ల కొంగలు వస్తవి. టెక్కలి ప్రాంతంలోని తేలినీలాపురానికి శరత్కాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి వేసవి ముదిరేలోగా పోతవి. శీతకాలం చివర తాబేళ్లు మన ఇసుకతీరాలలో గ్రుడ్లు పెడతవి. ఏ నెలలో ఏది వచ్చినది, ఊరి పెద్దలు దానిని ఏమని పిలిచినారు అని విద్యార్థులచేత ఒక నోటు పుస్తకంలో వ్రాయించుట ఉపాధ్యాయులకు కష్టమైన పని కాదు. ఆ పుస్తకంలో పేరు చెప్పిన తాతగారి పేరు కూడ వ్రాయించవలెను. రస్సెల్ గ్రంథంలో లేని పుట అదొక్కటే.