మార్కసు లీ హాన్సెను: వలసజనుల చరిత్రకారుడు

రాజుల చరిత్ర వ్రాయువారికి శాసనములు, నాణెములు, కొలువుకూటపు లేఖలు ఆధారములుగా నున్నవి. పొలము నమ్ముకొని, పెట్టె సర్దుకొని, ఓడ యెక్కిపోయిన పేదసేద్యగాని చరిత్రకు ఆధారమెక్కడ? ఆతడు తనను గూర్చి తాను వ్రాసికొన్నది బహు స్వల్పము. అట్టివారి చరిత్రను వెదకుటకే ఆయువును వెచ్చించి, వెదకినదానిని గ్రంథరూపమున చూడకయే నలువదియైదేండ్ల ప్రాయమున గతించిన ఒక యుపాధ్యాయుని జీవితమును ఈ సంచికలో మన విద్యార్థులకు వినిపింప దలచితిని.

మార్కసు లీ హాన్సెను 1892వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో విస్కాన్సిన్ రాష్ట్రమందలి నీనా యను పట్టణమున జన్మించెను. తండ్రి డెన్మార్కు దేశమునుండియు, తల్లి నార్వేనుండియు వచ్చినవారు. తండ్రి బాప్టిస్టు బోధకుడగుటచే ఒక సంఘమునుండి మరియొక సంఘమునకు మారుచుండెను. కుటుంబమును ఆయన వెంట మధ్యపడమటి రాష్ట్రములలో ఊరూరు తిరిగెను. బోధకుల బిడ్డలకును, మిషను ఉపాధ్యాయుల బిడ్డలకును ఈ జీవితము క్రొత్తది కాదు. ఒక యూర స్నేహితులను సంపాదించుకొను లోపలనే బండి కట్టవలసివచ్చును. వలసపోవుటయన నేమో హాన్సెను పుస్తకములు చదువక మునుపే యెరిగి యుండునని నా తలంపు.

విద్యాభ్యాసము ఐయోవా రాష్ట్రమున జరిగెను. మొదట పెల్లా యను ఊరిలోని సెంట్రల్ కళాశాలయందును, పిమ్మట ఐయోవా విశ్వవిద్యాలయమందును చదివి 1916లో బి.ఏ., 1917లో ఎం.ఏ. పట్టములను పొందెను. ఆ రాష్ట్రపు చరిత్ర సంఘమువారికై స్నెల్లింగు కోటను గూర్చి యొక చిన్న గ్రంథమును వ్రాయగా అది 1918లో అచ్చుపడెను. పిదప హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను.

అచ్చట ఆయనకు గురువు ఫ్రెడరిక్ జాక్సన్ టర్నరు. ఈ టర్నరు 1893లో ప్రకటించిన సిద్ధాంత మొకటి ఆ దేశపు చరిత్రకారులనందరిని కదలించి యుండెను. అమెరికా ప్రజల స్వభావమును, వారి ప్రజాప్రభుత్వమును ఐరోపానుండి తెచ్చుకొన్నవి కావనియు, పడమటి సరిహద్దున క్రొత్తనేలను సాగుచేయుట వలన పుట్టినవనియు దాని సారాంశము. గురువు దృష్టి పడమటివైపున నుండగా శిష్యుని దృష్టి తూర్పునకు, సముద్రమునకు ఆవలివైపునకు మరలెను. ఈ జనులు ఎచ్చటినుండి వచ్చిరి? ఏ యూరు విడిచిరి? ఆ సంవత్సరముననే యేల విడిచిరి? ఐరోపా ఖండమునుండి 1815 మొదలు 1860 వరకు జరిగిన వలసను గూర్చి వ్రాసిన పరిశోధన గ్రంథమునకు 1924లో ఆయనకు డాక్టరు పట్టము లభించెను.

ఆ 1924వ సంవత్సరముననే అమెరికా ప్రభుత్వము వలసలను బిగించి యొక చట్టము చేసెను. ఏ దేశమునుండి ఏటేట ఎందరు రావచ్చునో ఆ చట్టము నిర్ణయించెను. హిందూదేశమువారికి మాత్రము 1917 నాటి చట్టముచేతనే ద్వారము మూయబడి యుండెను. ఈ చట్టముతో హాన్సెనునకు కలిగిన సంబంధమును ముందు చెప్పెదను.

1925 మొదలు 1927 వరకు సాంఘికశాస్త్ర పరిశోధన మండలివారి వేతనముతో ఆయన ఐరోపాలో సంచరించెను. చూచినవి రాజప్రాసాదములు కావు. చిన్న పట్టణముల పాత వార్తాపత్రికలు, రాయబారుల నివేదికలు, ఓడరేవుల లెక్కలు, వలసపోవువారికై అచ్చువేసిన దారిచూపు పుస్తకములు, ఇట్టివి ప్రోగుచేసి చదివెను. వీనినుండి ఆయన బయల్పరచిన సంగతులు కథలవలె నుండును.

మచ్చుకు కలపయోడల సంగతి వినుడు. కెనడాలోని క్విబెక్, న్యూబ్రన్స్‌విక్ రేవులనుండి బ్రిటనుకు కలప తెచ్చిన యోడలు తిరుగుప్రయాణమున ఖాళీగా పోవలసియుండెను. బరువు లేనిదే ఓడ నిలకడగా సాగదు. రాళ్లకు మారుగా మనుష్యులను ఎక్కించినచో కొంత కూలియైన దక్కునని ఓడలవారు తలచి, కలప దింపిన చోటనే పలకలతో తాత్కాలికముగా పడకలు బిగించి ఐర్లండు పేదలను ఎక్కించుకొనిరి. ఇంతలో అమెరికావారు 1819లో ఓడ కొలతలో ప్రతి 5 టన్నులకు ఇద్దరు ప్రయాణికులకు మించి ఉండరాదని చట్టము చేసిరి. దాని యుద్దేశము ప్రయాణికుల మేలే. కాని అందువలన న్యూయార్కు ప్రయాణము ప్రియమయ్యెను, కెనడా ప్రయాణము చౌకగనే యుండెను. అందుచేత పేదలు కెనడాలో దిగి, పిమ్మట నెమ్మదిగా సరిహద్దు దాటి అమెరికాలో ప్రవేశించిరి.

జర్మనులదారి వేరు. న్యూఆర్లియన్సునుండి ఫ్రాన్సులోని హావ్రు రేవునకు ప్రత్తి వచ్చెడిది. ఆ ప్రత్తిని అల్సాసు ప్రాంతపు మిల్లులకు చేర్చిన బండ్లు మరలి రేవునకు వచ్చునప్పుడు జర్మను, స్విస్సు కుటుంబములను ఎక్కించుకొని వచ్చెడివి. వారు ప్రత్తియోడలలో న్యూఆర్లియన్సు చేరి, మిసిసిపీ నదిమీదుగా ఎగువకు పోయి నేల కొనిరి. బాల్టిమోరునుండి పొగాకు తెచ్చిన యోడలు బ్రేమెను రేవునుండి జనులను కొనిపోయెను. ఏ సరకు ఏ రేవునకు వచ్చునో ఆ దారినే మనుష్యులును పోయిరి. పటములో ఏ జాతివారు ఎచ్చట నివసించుచున్నారని భూగోళపాఠమున బాలురు వల్లించుదురు. దాని వెనుక కలప, ప్రత్తి, పొగాకు ఉన్నవని వారికి ఎవరు చెప్పుదురు?

ఇక ఊరు విడుచుటకు గల కారణములు. 1815లో తంబోరా అగ్నిపర్వతము ప్రేలుట చేత 1816లో ఐరోపాకు వేసవియే లేకపోయెనని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పంటలు చెడి, మరుసటి యేట రైను లోయనుండి జనులు గుంపులుగా దిగువకు బయలుదేరి, ఓడకూలి చాలక హాలండు రేవులలో చిక్కుకొనిరి. 1845లో ఐర్లండున బంగాళదుంపకు తెగులు సోకెను. తరువాతి యేండ్లలో సుమారు 10 లక్షలమంది మరణించిరి, అంతకు మించినవారు దేశము విడిచిరి. అయినను కరవొక్కటియే కారణము కాదని హాన్సెను గ్రహించెను. కటిక పేదకు ఓడకూలి యెక్కడిది? కొంత నేల కలిగి, అది బిడ్డలకు పంచినచో మిగులదని భయపడినవారే పెక్కుచోట్ల ముందుగా కదలిరి.

స్వాతంత్ర్యముకొఱకు వచ్చిరని ఉపన్యాసములలో చెప్పుదుముగదా! ఆ మాటను హాన్సెను త్రోసివేయలేదు గాని నేలమీదికి దించెను. ఆ సేద్యగానికి స్వాతంత్ర్యమనగా భూస్వామికి వెట్టి చేయకుండుట, కుమారుని సైన్యమునకు అప్పగింపకుండుట, వృత్తిసంఘపు అనుమతి లేకయే పనిముట్టు పట్టుట, పన్నుల బరువు తగ్గుట. తీరా నేల దొరకిన పిమ్మట ఆతడు విప్లవకారుడు కాలేదు. తనకున్నది కాపాడుకొను నెమ్మదిగల గృహస్థు డయ్యెను. ఈ విషయమున ఆయన వ్రాసిన వ్యాసములు నాకు మిక్కిలి నచ్చినవి, ఏలయన వాటిలో పొగడ్త లేదు.

గురువు సిద్ధాంతమునుకూడ ఆయన పరీక్షకు పెట్టెను. అడవిని మొదట నరికినవారు సాధారణముగా క్రొత్తగా వచ్చిన ఐరోపావారు కారనియు, అమెరికాలోనే పుట్టిన సాహసికులు నరికి, కొంతకాలము దున్ని, విసిగి, నేలను అమ్మి ఇంకను పడమరకు పోగా, వలసవచ్చినవారు ఆ సగము తీరిన పొలములను కొని స్థిరపడిరనియు చూపెను. టర్నరు 1932లో మరణించెను. గురువునుండి పద్ధతిని గ్రహించి, గురువు చూడనిదానిని చూచుట శిష్యునకు తగిన పనియే.

ముందు చెప్పెదనన్న సంగతి ఇది. 1924 చట్టము ప్రకారము కోటాలను నిర్ణయించుటకు, 1790 నాటి జనులలో ఎవరెవరు ఏ జాతి సంతతివారో లెక్కింపవలసి వచ్చెను. దానికై విద్వత్సంఘములవారు ఏర్పరచిన పనిలో హాన్సెను డచ్చి, ఫ్రెంచి, స్వీడిషు జనుల సంఖ్యను తేల్చెను. 1929లో అమలునకు వచ్చిన కోటాలలో బ్రిటనుకును ఉత్తర ఐర్లండుకును కలిపి 65,721, ఇటలీకి 5,802 లభించినవి. అందరును ఒకే కారణములచేత కదలిరని చూపిన చరిత్రకారుని లెక్క, మనుష్యులను పుట్టుకనుబట్టి కొలుచు చట్టమునకు ఉపకరించుట నాకు కష్టముగా నున్నది. లెక్క సత్యమే, చట్టము చేసినవారు వేరే. అయినను కష్టముగనే యున్నది.

1928లో ఆయన ఇల్లినాయిసు విశ్వవిద్యాలయమున చేరి, 1930లో ఆచార్యుడయ్యెను. 1937లో ఆ రాష్ట్రమందలి రాక్ ఐలండు పట్టణమున, స్వీడిషు లూథరనుల సంతతివారైన ఆగస్టానా చరిత్ర సంఘమువారి యెదుట ప్రసంగించెను. వలసవచ్చినవాని కుమారుడు బడిలో తోటివారి నవ్వులకు సిగ్గుపడి తండ్రి భాషను, ఆచారములను మరచుటకు యత్నించుననియు, మనుమనికి ఆ సిగ్గు లేదు గనుక తాతను గూర్చి తెలిసికొన గోరుననియు ఆయన వివరించెను. అంతటితో వారిని మెచ్చుకొని ఊరకుండలేదు. స్వజాతిని పొగడుకొనుటకు చరిత్ర వ్రాయవలదనియు, దానిని దేశముయొక్క విశాలమైన చరిత్రలో భాగముగా వ్రాయుడనియు హెచ్చరించెను. సభకు పిలిచినవారి యెదుటనే ఇట్లు చెప్పుటకు ధైర్యము కావలెను.

ఆ ప్రసంగము 1952లో ఒక పత్రికలో మరల అచ్చుపడి ప్రసిద్ధి కెక్కెను. ప్రతి కుటుంబమున నిట్లే జరుగునని చెప్పజాలమని తరువాతి పండితులు తేల్చిరి. 1965లో కోటాచట్టము రద్దయిన పిదప తెలుగువారు వేలకొలది ఆ దేశమునకు పోయిరి. వారి మనుమలును అచ్చట పెరుగుచున్నారు. మన తరగతులలో అట్టి మనుమలు సెలవులకు వచ్చి తాతగారిని ప్రశ్నలతో వేధించుటను నేనెరుగుదును.

అప్పటికే హాన్సెను మూత్రపిండముల వ్యాధిచే కృశించుచుండెను. 1938 మే 11వ తేదీన కాలిఫోర్నియాలోని రెడ్లండ్సు పట్టణమున దేహము చాలించెను. వ్రాతప్రతులు మిగిలినవి. హార్వర్డు ఆచార్యుడు ఆర్థరు ష్లెసింజరు వాటిని సవరించి 1940లో రెండు గ్రంథములు వెలువరించెను. 1607 మొదలు 1860 వరకు జరిగిన అట్లాంటికు వలసను గూర్చినది యొకటి, అమెరికా చరిత్రలో వలసజనుల స్థానమును గూర్చిన వ్యాసములు మరియొకటి. కెనడా అమెరికా జనుల రాకపోకలను గూర్చిన మూడవదానిని బ్రెబ్నరు అను పండితుడు పూర్తిచేయగా అదియు ఆ యేటనే అచ్చుపడెను. మొదటి గ్రంథమునకు 1941లో పులిట్జరు బహుమానము వచ్చెను. అందుకొనుటకు గ్రంథకర్త లేడు.

ఆయన గ్రంథములు ఐరోపావారి కథనే ప్రధానముగ చెప్పును. సంకెళ్లతో తేబడిన ఆఫ్రికావారికిని, నేల కోల్పోయిన ఆదిమజనులకును వానిలో చోటు స్వల్పము. 1860కి తరువాతి సంపుటములను వ్రాయ దలచినను వ్రాయలేకపోయెను. 1941లో, ఆయన గ్రంథము బహుమాన మందిన యేటనే, ఆస్కారు హాండ్లిను అను యువకుడు బోస్టను నగరపు వలసజనులను గూర్చి తన మొదటి గ్రంథమును ప్రకటించెను. ఆతడును వలసవచ్చినవారి కుమారుడే, చదివినదియు హార్వర్డుననే.