మట్టిగోడను నమ్మిన లారీ బేకర్

2024 మార్చిల భద్రాచలంల ఇందిరమ్మ ఇండ్లు మొదలువెట్టిండ్రు. జాగ ఉన్నోళ్లకు 5 లక్షలు. మంచిదే. గని మా ఏన్కూరు దిక్కు పైసలొస్తయనంగనే ముందుగాల కూలగొట్టేది మట్టిగోడనే. సర్కారు లెక్కల అది కచ్చా ఇల్లాయె. గా కచ్చా ఇంటి ఇజ్జత్ కోసం బతుకంత కొట్లాడిన ఒక ఇంగ్లిషాయన ఉండె.

లారీ బేకర్ 1917ల బర్మింగ్‌హాంల పుట్టిండు. ఆర్కిటెక్టు చదివిండు. క్వేకరు గనుక తుపాకి పట్టలె. రెండో ప్రపంచ యుద్ధంల చైనాకు పోయి కుష్టురోగులకు సేవజేసిండు. వాపసు పోతుంటె ఓడ కోసం బొంబాయిల ఆగిండు, గాంధీని కలిసిండు. ఊరి ఇంటికి సామాను అయిదు మైళ్లలోపల దొరికేదే ఉండాలన్న గాంధీ ఆలోచన ఆయన మనసుల నాటుకపోయింది. 1945ల మల్లొచ్చిండు. 1948ల కేరళ డాక్టరమ్మ ఎలిజబెత్‌ను పెండ్లి చేసుకున్నడు.

ఇద్దరూ హిమాలయాలల్ల పిథోరాగఢ్‌ల దవాఖాన పెట్టిండ్రు, పదహారేండ్లు ఉన్నరు. అసలు సదువు గాడనే. రాయి, మట్టి, చెక్కతోని పల్లెటోళ్లు కట్టిన ఇండ్లు చలికి, వానకు ఎట్ల నిలవడ్డయో చూసి నేర్చుకున్నడు.

తర్వాత తిరువనంతపురం. ఆయన లెక్కనే వేరు. ఇటుక కాల్చాలంటె కట్టెలు తగలవడాలె, సిమెంటుకు, ఇనుముకు ఇంకింత మంట. మట్టికి మంటే అక్కర్లేదు. మందం మట్టిగోడ పగటి ఎండను లోపలికి జల్ది రానియ్యదు. మన మే నెల ఎండలల్ల స్లాబు కింద పండినోళ్లకు గీ ముచ్చట ఇడమర్చి చెప్పనక్కర్లే. మట్టికి వానతోనే భయం. అందుకే రాతి పునాది ఎత్తుగ ఉండాలె, చూరు గోడ దాటి బయటికి రావాలె అన్నడు. మట్టి మీద బొమ్మలేసి చిన్న పుస్తకమే రాసిండు. హౌసింగు ఇంజనీర్లు ఒక్కపారన్న తిరగెయ్యాలె.

కట్టె ఖర్చు మీద కూడ గట్టి పట్టే. చౌకట్టు లేకుండ ఒక్క పలక మీద తిరిగే కిటికీ పెట్టించిండు. కూల్చిన పాత ఇండ్ల దర్వాజలు, చెక్కుడు పని ఉన్న కట్టె పారేయనిస్తలేకుండె, కొత్తింట్ల పెట్టిస్తుండె. వడ్లోళ్ల చేతిపని గట్ల బతికింది.

ఒక్కటి మాత్రం నాకు మింగుడువడదు. పేదోళ్ల కోసం కట్టిన తీరు, ఇప్పుడు పైసలున్నోళ్ల సోకు అయికూసుంది. బేకర్ తప్పు కాదది.

1990ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. 2007 ఏప్రిల్ 1న పానం ఇడిసిండు, తిరువనంతపురం గుట్ట మీద తను కొద్దికొద్దిగ కట్టుకున్న ఇంట్లనే.